పచ్చ రాయి (జమర్రుద్): అందమెంత? ఔషధమెంత?

చిక్కపేటలోనైనా, మన వర్తూరులోనైనా నగల దుకాణానికి వెళితే "మీరు ఏ నెలలో పుట్టారు?" అని అడిగేవారు తారసపడుతుంటారు. మే నెల అని చెబితే చాలు, పచ్చ పొదిగిన ఉంగరం ముందు పెడతారు. కంటికి చలువ, గుండెకు బలం, తెలివి పెరుగుతుంది, విషం దగ్గరికి రాదు అని దాని గుణాలు కూడా చెబుతారు. "యునానీ హకీములు కూడా పచ్చను మందుల్లో వేస్తారు కదా, మరి ఉంగరంగా పెట్టుకుంటే ఎందుకు పనిచేయదు?" అని చాలామందికి సందేహం. ఈ వారం ఆ సంగతే వివరంగా తెలుసుకుందాం.

పేరు, పుట్టుక

మనం పచ్చ అనే ఈ రాయిని సంస్కృతంలో మరకతం, గారుత్మతం అంటారు. ఫార్సీ, ఉర్దూ భాషల్లో దీని పేరు జమర్రుద్. గ్రీకులు స్మరాగ్దోస్ అన్నారు. నిజానికి ఇది బెరిల్ అనే ఖనిజం. ఇందులో బెరీలియం, అల్యూమినియం, సిలికా ఉంటాయి. స్వచ్ఛమైన బెరిల్‌కు రంగు ఉండదు. అందులో కొద్దిపాటి క్రోమియం గానీ వెనేడియం గానీ చేరితే ఆకుపచ్చ రంగు వస్తుంది. గట్టిదనంలో వజ్రాన్ని 10 అనుకుంటే పచ్చ 7.5 నుంచి 8 వరకు ఉంటుంది. అయితే దీని లోపల సహజంగానే సన్నని పగుళ్ళు ఉంటాయి. అందుకే దెబ్బ తగిలితే సులువుగా చిట్లుతుంది.

జబర్జద్ అనే మరో ఆకుపచ్చ రాయి ఉంది. దాన్ని ఇప్పుడు పెరిడాట్ అంటున్నారు. అది ఆగస్టు నెల రాయి. పాత గ్రంథాల్లో ఈ రెండింటినీ కలిపేసిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి పాత పుస్తకంలో ఆకుపచ్చ రాయి అని కనిపించిన ప్రతిదీ పచ్చే అనుకోకూడదు.

ఇక పుట్టిన నెల సంగతి. ఈ రోజు దుకాణాల్లో చూపించే నెలవారీ జాబితా 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం ఖరారు చేసిన పట్టిక మీద ఆధారపడింది. మన దేశపు నవరత్నాల లెక్క వేరు. అందులో పచ్చ బుధ గ్రహానికి చెందుతుంది. బుధుడు వాక్కుకు, బుద్ధికి అధిపతి అని జ్యోతిషం చెబుతుంది కాబట్టి నత్తి ఉన్న పిల్లలకు పచ్చ పెట్టే ఆచారం వచ్చింది. ఈ రెండు లెక్కల్లో ఏదీ వైద్యం నుంచి వచ్చినది కాదు.

మన దగ్గరికి ఎలా వచ్చింది?

పురాతన కాలంలో పచ్చలకు పేరుపడిన గనులు ఈజిప్టులో ఉండేవి. ఎర్ర సముద్రం దగ్గరి కొండల్లో, వాదీ సికైత్ ప్రాంతంలో ఆ గనుల ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అరబ్బు రత్న పరీక్షకులు పచ్చలను రంగును బట్టి విభజించారు. మెరిసే ఆకుపచ్చ ఈగ రంగులో ఉన్నది జుబాబీ. ఇదే అన్నిటిలోకీ మేలురకం. తులసి జాతి ఆకు రంగులో ఉన్నది రైహానీ.

శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి బజారులో కెంపులు, వజ్రాలు, ముత్యాలతో పాటు పచ్చలు కూడా అమ్ముతున్నారని రాశాడు. స్పెయిన్ వారు దక్షిణ అమెరికాలోని కొలంబియాలో చివోర్ గనులను చేరింది 1537లో. కెంపేగౌడ బెంగళూరుకు పునాది వేశాడని చెప్పే సంవత్సరం కూడా అదే. అంటే పేస్ చూసిన పచ్చలు కొలంబియావి అయ్యే వీలు లేదు. ఆ తరువాతే కొలంబియా రాళ్ళు సముద్రాలు దాటి పెద్ద ఎత్తున మన దేశానికి రాసాగాయి.

ఈ విషయంలో మన హైదరాబాదు రాళ్ళే సాక్ష్యం చెప్పాయి. నిజాం ఖజానాకు చెందిన నాలుగు పాత పచ్చలను ఫ్రెంచి శాస్త్రవేత్తలు పరీక్షించి, ఆ ఫలితాలను 2000లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. రాతిలోని ఆక్సిజన్ రకాలను కొలిచి అది ఏ గనిదో చెప్పే పరీక్ష అది. ఇలాంటి పాత రాళ్ళను తూర్పు దేశాల గనులవని వర్తకులు చెప్పుకునేవారు. పరీక్షలో మూడు కొలంబియావని, ఒకటి ఆఫ్ఘనిస్తాన్‌దని తేలింది. నిజాం నగల్లో 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు జనం బారులు తీరి చూశారు.

మన దేశంలో రాజస్థాన్‌లో 1940లలో పచ్చల గనులు బయటపడ్డాయి. తమిళనాడులోని శంకరి ప్రాంతంలోనూ, జార్ఖండ్‌లోనూ ఈ రాయి ఉంది. నేడు ప్రపంచానికి ఎక్కువగా అందేవి కొలంబియా, జాంబియా, బ్రెజిల్ పచ్చలు. వాటిని సానబట్టడంలో జైపూర్ పెద్ద కేంద్రం.

పాము కళ్ళు, బీరూనీ పరీక్ష

పచ్చను చూస్తే పాము కళ్ళు పోతాయని అరబ్బు, ఫార్సీ దేశాల్లో గట్టి నమ్మకం ఉండేది. మన వైపు కూడా గారుత్మతం అనే పేరులోనే పాములకు శత్రువైన గరుత్మంతుడు ఉన్నాడు. సుమారు వెయ్యేళ్ళ క్రితం అల్ బీరూనీ అనే పండితుడు రత్నాల మీద "కితాబుల్ జమాహిర్" అనే గ్రంథం రాశాడు. ఆయన ఈ మాటను విని ఊరుకోలేదు. పాము మెడకు పచ్చల హారం చుట్టాడు. దాని కింద పచ్చలు పరిచాడు. కళ్ళ ముందు పచ్చల దండ ఆడించాడు. ఎండాకాలం, చలికాలం కూడా చూశాడు. పాము కళ్ళకు ఏమీ కాలేదని, చూపు ఇంకా పదునెక్కిందేమో గానీ తగ్గలేదని రాశాడు.

గుండె మందుల మీద ప్రత్యేకంగా గ్రంథం రాసిన ఇబ్నె సీనా ఈయన సమకాలికుడే. పెద్దల మాటను గౌరవించడం, దాన్ని పరీక్షించి చూడడం రెండూ మన వైద్య సంప్రదాయంలో ఉన్నవేనని దీన్ని బట్టి తెలుస్తుంది.

కంటికి చలువ అనే మాట కూడా పాతదే. రాళ్ళు చెక్కే పనివారు కళ్ళు అలసిపోతే పచ్చను చూసి సేదతీరేవారని రోము రచయిత ప్లినీ రాశాడు. ఆకుపచ్చ రంగు కంటికి హాయిగా ఉంటుంది, నిజమే. పొలం చూసినా, చెట్టు చూసినా ఆ హాయి దొరుకుతుంది. అయితే శుక్లం, నీటికాసులు వంటి జబ్బులు దానితో నయం కావు.

యునానీ మందుల్లో పచ్చ

యునానీలో జమర్రుద్‌ను ముఫర్రిహ్, అంటే మనసుకు ఉల్లాసం ఇచ్చేదిగా, గుండెకు బలం ఇచ్చేదిగా చెప్పారు. జవాహర్ మోహ్రా, ఖమీరా గావ్‌జబాన్ అంబరీ జవాహర్‌వాలా వంటి మందుల్లో ముత్యం, కెంపులతో పాటు దీన్నీ చేరుస్తారు. రాయిని గట్టి రాతి కల్వంలో గులాబీ నీటితో రోజుల తరబడి నూరి, వేళ్ళ మధ్య గరుకు తగలనంత మెత్తగా చేస్తారు. అలా చేసినది కూడా ఒంటరిగా ఇవ్వరు. మూలికలతో కలిపి, రోగి మిజాజ్ చూసి, కొద్ది మోతాదులో ఇస్తారు. ఉంగరంలోని రాయికీ ఈ మందుకూ పోలిక లేదు. ఈ మందుల గుణాలు కూడా ఎక్కువగా గ్రంథాల మీద, హకీముల అనుభవం మీద ఆధారపడినవే. వీటిని గుండెజబ్బుకు డాక్టరు ఇచ్చిన మాత్రలకు బదులుగా వాడకూడదు.

మీరు పాటించవలసినవి

1. పాము కాటుకు పచ్చ గానీ, జహర్ మోహ్రా రాయి గానీ పెట్టి కాలయాపన చేయకండి. కాటు పడిన చోట కోయకండి, బిగించి కట్టకండి. కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు పనిచేసే ఇంజక్షన్ అక్కడే ఉంటుంది. పాము కాటు కేసులను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాలని కర్ణాటక 2024లో ఆదేశించింది. సమస్య ఎంత తీవ్రమైనదో దీన్ని బట్టి గ్రహించండి.

2. ఫిట్స్ వచ్చే పిల్లలకు పచ్చ కట్టడం పాత ఆచారం. కడితే కట్టండి, కానీ మాత్రలు మాత్రం మానకండి. మధ్యలో మానితే ఫిట్స్ ఎక్కువై ప్రాణం మీదికి రావచ్చు.

3. ఇంట్లో రాళ్ళు నూరకండి. రాతి ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పచ్చలో బెరీలియం ఉందని గుర్తుంచుకోండి.

4. జవాహరాల మందు కొనేటప్పుడు లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. సీసాపై వివరాలు లేనిది వద్దు. ఖమీరాలు చక్కెర, తేనె పాకంతో చేస్తారు కాబట్టి మధుమేహం ఉన్నవారు హకీముకు ముందే చెప్పాలి.

5. రాయి అందం కోసం కొంటే పరీక్షా కేంద్రం సర్టిఫికెట్ అడగండి. పచ్చ గాజు, ప్రయోగశాలలో పెంచిన రాయి కూడా అసలు గనిలోదిగా అమ్ముడవుతాయి. చాలా పచ్చల్లో పగుళ్ళు కనపడకుండా నూనె నింపుతారు. ఎంత నింపారో సర్టిఫికెట్‌లో ఉండాలి. అలాంటి ఉంగరాన్ని వేడి నీటిలో కడగకండి.

బెంగళూరులో మాగడి రోడ్డు, కొట్టిగెపాళ్యలో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. అక్కడి ఆసుపత్రిలో చదువుకున్న హకీములు నాడి చూసి సలహా ఇస్తారు. వేలకు వేలు పోసి ఉంగరం కొనే ముందు ఒకసారి వెళ్ళి రండి. పచ్చ వేలికి అందం. జబ్బు మాత్రం వైద్యునికే చూపించండి.