పుస్తకం మూశాకే లెక్కల చదువు

లెక్కల పరీక్షకు తయారయ్యే విద్యార్థి సమయంలో పెద్ద భాగం ఇతరులు చేసిన లెక్కలు చూడటంలోనే గడిచిపోతుంది. క్లాసులో సారు బోర్డు మీద చేస్తారు, ఫోన్లో వీడియో నడుస్తుంది, గైడ్‌లో సొల్యూషన్ మెట్టు మెట్టుగా ఉంటుంది. చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతుంది కాబట్టి లెక్క వచ్చేసిందనిపిస్తుంది. పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు కూర్చున్నాక మొదటి మెట్టే తోచదు. ఎవరో వేసిన మెట్టు సరైనదని ఒప్పుకోవడం తేలిక. ఆ మెట్టును తానుగా కనిపెట్టడం వేరే పని, మార్కులు ఆ పనికే వేస్తారు.

మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఈ చిక్కు మరింత ముదిరింది. ఊరికి చదువుల్లో పేరు తెచ్చింది నీట్ శిక్షణ. మరాఠ్వాడాలోని ఇతర జిల్లాల నుంచే కాక, నాందేడ్ జిల్లాలోనే తెలుగు మాట్లాడే ఇళ్లున్న ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల నుంచీ పిల్లలు వచ్చి గదులు అద్దెకు తీసుకుంటారు. మెస్సుల్లో తింటూ పగలు క్లాసులకూ రాత్రి అభ్యాసికలకూ, అంటే అద్దె చదువు గదులకూ, తిరుగుతుంటారు. నీట్‌లో లెక్కల పేపరు లేదు. 720 మార్కుల్లో సగం, అంటే 360, జీవశాస్త్రానివి. ఆ సబ్జెక్టులో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వదలకుండా మళ్లీ మళ్లీ చదవడం ఫలితమిస్తుంది. చదువంటే అలాగే ఉండాలన్న నమ్మకం అక్కడి నుంచే పాకింది. ఇంజినీరింగ్ వైపు వెళ్లదలచిన పిల్లలూ, పదో తరగతి పిల్లలూ లెక్కల పుస్తకాన్ని అదే తీరున పట్టుకుంటున్నారు. సూత్రాల కింద రంగు గీతలు గీస్తారు, సొల్యూషన్లు తిరగేస్తారు, పరీక్షలో రావచ్చనుకునే ప్రశ్నల పుస్తకం 'అపేక్షిత ప్రశ్నసంచ్'లోని జవాబులు కంఠస్థం చేస్తారు. నీట్ పిల్లల శ్రమను ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు. లెక్కలకు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు.

ఈ మాటకు ప్రయోగాల బలముంది. చదివిన పాఠాన్నే మళ్లీ చదివినవారికన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవారికే వారం తరవాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. 2013లో డన్‌లాస్కీ బృందం పది చదువు పద్ధతులను పోల్చి చూసింది. తనను తాను పరీక్షించుకోవడం, అభ్యాసాన్ని ఒక్క రోజులో కుక్కకుండా పలు రోజుల మీద పరుచుకోవడం అన్న రెండింటికే అగ్రస్థానం ఇచ్చింది. గీతలు గీయడం, తిరిగి చదవడం తక్కువ ఉపయోగమున్న వరుసలో చేరాయి.

కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడు మాత్రం చేసిన లెక్క చూడటమే మంచిది. ఏమీ తెలియని దశలో సొంతంగా తడుముకుంటే బుర్ర అలసిపోతుంది తప్ప పద్ధతి పట్టుబడదు. బీజగణితం నేర్చుకునేవారి మీద స్వెల్లర్, కూపర్ 1985లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే తేల్చింది. ఒక ఉదాహరణ చూసి, వెంటనే అలాంటిదే ఇంకొకటి పుస్తకం మూసి చేయాలి. ఇరుక్కుంటే సొల్యూషన్ తెరవొచ్చు, కానీ ఒక్క మెట్టు మేరకే. మిగతా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు సాగాలి. అలా సాయం తీసుకున్న లెక్కకు పక్కన గుర్తు పెట్టుకుని, రెండు రోజులాగి ఏమీ చూడకుండా మొదటి నుంచి చేయాలి. వీడియో చూసేవారికీ ఇదే వర్తిస్తుంది. ప్రశ్న తెరమీదకు రాగానే వీడియో ఆపి, తమ ప్రయత్నం అయ్యాకే మళ్లీ నడిపించాలి. క్లాసులో గంట గడిస్తే, దానికి తోడుగా ఒంటరిగా లెక్కలు చేసుకునే గంట ఇంకొకటి ఉండాలి. దినచర్యలో ఆ గంటకు చోటే లేకపోతే మరో ట్యూషన్ చేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఉన్నవాటిలో ఒకటి మానుకోవడమే మేలు, ఫీజు కట్టేశామన్న బెంగ ఉన్నా సరే.

తప్పుల పుస్తకం

తప్పులు రాసుకునే పుస్తకం ఒకటి వేరుగా పెట్టుకోవడం లెక్కల్లో అన్నిటికన్నా లాభసాటి అలవాటు. చాలామంది తప్పును కొట్టేసి, సరైన జవాబు ఎత్తిరాసి, పక్క లెక్కకు వెళ్లిపోతారు. దాంతో తప్పు ఎక్కడ పుట్టిందో తెలియకుండా పోతుంది. 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 అన్న వర్గసమీకరణం తీసుకుంటే, విచక్షణి 49 − 24, అంటే 25. దాని వర్గమూలం 5. సూత్రంలో −బి అని ఉంది, బి విలువ −7. కాబట్టి అక్కడ +7 రావాలి. తొందరలో విద్యార్థి −7 వేస్తాడు. మూలాలు 3, ½ కావలసిన చోట −½, −3 వస్తాయి. తప్పుల పుస్తకంలో 'అజాగ్రత్త' అని రాసుకుంటే ఏమీ లాభం లేదు. 'బి రుణ సంఖ్య అయినప్పుడు −బి ధనం అవుతుంది. బి విలువను ముందు కుండలీకరణంలో పెట్టి తరవాత సూత్రంలో వేయాలి' అని రాసుకుంటే వచ్చేసారి చెయ్యి ఆగుతుంది. దాని కిందే సరిచూసే దారి కూడా రాసుకోవాలి. ఈ సమీకరణంలో ఎక్స్‌కు ఏ రుణ సంఖ్య ఇచ్చినా మూడు పదాలూ ధనంగానే మారతాయి, వాటి మొత్తం సున్నా కానే కాదు. కాబట్టి రుణ మూలం వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. పదిహేను సెకన్ల పనికి మార్కులు నిలుస్తాయి. కాలిక్యులేటర్‌కు అనుమతి లేని పరీక్షల్లో ఇలాంటి చిన్న తనిఖీలే ఆధారం.

వారానికోసారి ఈ పుస్తకం తెరిచి, పాత తప్పులున్న లెక్కలనే జవాబు చూడకుండా మళ్లీ చేయాలి. వరుసగా రెండుసార్లు సరిగ్గా వచ్చిన లెక్కను కొట్టేయవచ్చు. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆ పుస్తకం పలచబడుతూ రావాలి.

కలిపి చేయడం

పాఠ్యపుస్తకాల్లో అభ్యాసాలు పాఠం వారీగా ఉంటాయి. సరూప త్రిభుజాల అభ్యాసంలో ఉన్న ప్రతి లెక్కా సరూప త్రిభుజాలదే, కాబట్టి ఏ పద్ధతి వాడాలన్న ప్రశ్నే రాదు. పరీక్ష పేపరు అడిగేది ముందుగా ఆ ప్రశ్ననే. రెండు సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి 9:25, చిన్నదాని ఒక భుజం 6 సెంటీమీటర్లు, పెద్దదానిలో అనురూప భుజం ఎంత? పాఠం చదివిన సాయంత్రం ఎవరైనా వర్గమూలం తీసి 3:5 అని, జవాబు 10 అని చెబుతారు. నెల తరవాత నిరూపక జ్యామితి, క్షేత్రమితి లెక్కల మధ్య అదే ప్రశ్న కనబడితే 6ను నేరుగా 25తో గుణించి 9తో భాగించేవారు కనిపిస్తారు. లెక్క వారికి రాక కాదు, ఇది ఏ రకం లెక్క అని ఎంచుకునే అలవాటు లేక.

సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన రోరర్, టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతిని అంకెల్లో చూపింది. ఘనపరిమాణాల లెక్కలను రకం వారీగా చేసినవారు అభ్యాసం రోజున 89 శాతం సరిగ్గా చేశారు. కలిపి చేసినవారికి 60 శాతమే. వారం తరవాత పరీక్ష పెడితే మొదటివారికి 20 శాతం, రెండోవారికి 63 శాతం వచ్చింది. 2020లో అదే పరిశోధక బృందం 54 ఏడో తరగతి సెక్షన్లలో చేసిన పెద్ద ప్రయోగంలోనూ నెల తరవాత కలిపి చేసినవారికి 61, విడివిడిగా చేసినవారికి 38 శాతం వచ్చాయి. తల్లిదండ్రులు గమనించవలసింది ఇక్కడే. కలిపి చేస్తున్న రోజుల్లో పిల్లలకు తప్పులు ఎక్కువ వస్తాయి, వెనకబడుతున్నారనిపిస్తుంది. చదువు కుదురుకుంటున్నది కూడా ఆ రోజుల్లోనే.

ఆచరణకు పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. రోజూ చేసే పది లెక్కల్లో ఆరు ఆనాటి పాఠానివి, నాలుగు పాత పాఠాలవి ఉంటే చాలు. పాఠాల పేర్లు కనబడకుండా లెక్కలను చిన్న చీటీల మీద రాసి కలిపేసుకునే పిల్లలూ ఉన్నారు. చక్కటి పద్ధతి అది.

మూడు భాషల మధ్య లెక్క

నాందేడ్ జిల్లా తెలుగు పిల్లలకు ఇంకో మెట్టు అదనం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సెమీ ఇంగ్లీష్ అయితే లెక్కలు ఇంగ్లీషులో, పదకొండో తరగతి సైన్సుకు వచ్చేసరికి అంతా ఇంగ్లీషే. మరాఠీలో 43ను చదివేటప్పుడు మూడు ముందు, నలభై వెనక వస్తాయి. తెలుగులో నలభై ముందు. వినే అంకెలను వేగంగా రాసే చిన్న పిల్లలు 34 రాసేయడం ఈ కారణంగానే. మరాఠీ పిల్లలకే ఇది ఇబ్బందిగా ఉందని 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి పుస్తకంలో ఇరవై ఒకటిని పదుల స్థానం ముందు వచ్చేలా చదివే పద్ధతిని కూడా చేర్చింది. ఆ సంస్థ అప్పటి గణిత సమితి అధ్యక్షురాలు మంగళా నార్లీకర్ దాన్ని సమర్థించారు. దానిపై రేగిన వివాదం శాసనసభ దాకా వెళ్లింది. భాషాభిమానం సంగతి ఎలా ఉన్నా, చిన్న పిల్లల చేత సంఖ్యను చెప్పించి, వెంటనే రాయించి, తిరిగి చదివించడం ఇంట్లో చేయదగ్గ పని. ఎక్కాలు ఏదో ఒక్క భాషలో గట్టిగా రావాలి, అది ఇంటి భాషైనా పరవాలేదు.

పెద్ద తరగతుల్లో ఆలోచన తెలుగులో సాగితే తప్పేమీ లేదు, జవాబు మాత్రం పేపరు భాషలో రాయడం అలవాటు కావాలి. బాలభారతి ఎనిమిది మాధ్యమాల్లో పుస్తకాలు వేస్తుంది. తెలుగు వాటిలో ఒకటి. పీడీఎఫ్‌లు సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మరాఠీ చదవలేని తల్లి తెలుగు ప్రతి తెరుచుకుని, బిడ్డ మరాఠీ ప్రతి పక్కన కూర్చుంటే, 'ఈ మెట్టు ఎందుకు వేశావ్?' అని అడగగలదు. జవాబు ఆమెకు తెలియనక్కర్లేదు. బిడ్డ నోటితో కారణం చెప్పగలిగితే లెక్క వచ్చినట్టే.

పేపరు తీరు

రాష్ట్ర బోర్డు పదో తరగతి లెక్కలు రెండు పేపర్లు. మొదటి భాగం బీజగణితం, రెండోది జ్యామితి, బడిలో భూమితి అంటారు. ఒక్కోటి 40 మార్కులు, రెండు గంటలు. అంటే మార్కుకు మూడు నిమిషాలు. ఖాళీలు నింపే కృతి ప్రశ్నలకు 7 మార్కులున్నాయి. మెట్ల వరుస అర్థం చేసుకున్నవారికి అవి తేలిక, బట్టీ పట్టినవారికి అక్షరాలు మారగానే అయోమయం. నాలుగో ప్రశ్నలో 8 మార్కులకు పుస్తకంలో యథాతథంగా లేని లెక్కలు వస్తుంటాయి. కలిపి చేసే అలవాటు అక్కడే అక్కరకొస్తుంది. సిద్ధాంతాల నిరూపణలకు పటాన్ని తిప్పి, శీర్షాల పేర్లు మార్చి, ప్రతి మెట్టుకు ఎదురుగా కారణం రాస్తూ చేయాలి. స్పర్శరేఖా ఛేదనరేఖా సిద్ధాంతం ఒకే పటంతో నేర్చుకున్న విద్యార్థి, బిందువు ఎడమ పక్కకు మారితే ఆగిపోతాడు.

పన్నెండో తరగతి తరవాత లెక్క మారుతుంది. బోర్డు పేపరులో మెట్లకు మార్కులు. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ సీఈటీ లెక్కల పేపరులో 90 నిమిషాల్లో 50 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండేసి మార్కులు, తప్పుకు కోత లేదు. ప్రశ్నకు దక్కేది 108 సెకన్లు. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ప్రశ్నల్లో సుమారు 20 శాతం పదకొండో తరగతివి కాబట్టి ఆ పుస్తకాన్ని అటకెక్కించకూడదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు మార్కు పోతుంది, అక్కడ ఊహించి పెట్టే అలవాటు దెబ్బతీస్తుంది. రెండూ రాసేవారు ఏ రోజు ఏ పరీక్షకు అభ్యాసమో ముందే నిర్ణయించుకుని, ఆ నియమాలతోనే గడియారం పెట్టుకోవాలి.

సిలబస్ దీపావళి నాటికి ఒక చుట్టు పూర్తయితే, జనవరిలో బడిలో జరిగే సన్నాహక పరీక్ష ప్రిలిమ్ దాకా మిశ్రమ అభ్యాసానికి సమయం చిక్కుతుంది. ప్రిలిమ్ మార్కులకన్నా ప్రిలిమ్ తప్పులు విలువైనవి, అవన్నీ తప్పుల పుస్తకంలోకి ఎక్కాలి. తరవాత పాత పేపర్లు పూర్తి సమయం పెట్టుకుని, బల్ల ముందు, ఫోను లేకుండా చేయాలి. భయం ఎక్కువగా ఉన్నవారికి ఒక చిన్న ఉపాయం ఉంది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ బెంగనంతా కాగితం మీద పెట్టినవారు మెరుగ్గా రాశారని రామిరెజ్, బైలాక్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఆ కాగితాన్ని ఎవరికీ చూపనక్కర్లేదు.

హాల్లో చేతికొచ్చిన లెక్కలు ముందు, ఆలోచించాల్సినవి తరవాత. ఐదు నిమిషాలైనా దారి దొరకని లెక్కకు అరపేజీ వదిలి ముందుకెళ్లాలి. చివరి పది నిమిషాలు గుర్తులు, ప్రమాణాలు, ఎత్తిరాసిన అంకెలు చూడటానికి. బీజగణితం, జ్యామితి పేపర్లు వేర్వేరు రోజుల్లో వస్తాయి. మొదటి పేపరు ముగిశాక గేటు దగ్గర జవాబులు సరిచూసుకోవడం మాని, ఇంటికెళ్లి ఓ కునుకు తీసి, జ్యామితి తప్పుల పుస్తకం తెరవాలి. సిద్ధాంతాల పటాలు ఖాళీ కాగితం మీద ఒక్కోసారి గీసి, పాత పేపర్లలోని నాలుగో ప్రశ్నలు రెండు చేయాలి. కంపాస్ మర బిగుతుగా ఉందో లేదో చూసి, పెన్సిళ్లు చెక్కి పెట్టుకోవాలి. నిర్మాణాల ప్రశ్నలో వదులు కంపాస్ గీసిన చాపం స్పర్శబిందువును తప్పించేస్తుంది.