బ్యాక్టీరియాను లెక్కపెట్టడమూ కొలువే!

పోచంపల్లి మగ్గాలకూ, బీబీనగర్‌ ఎయిమ్స్‌కూ మధ్య అట్టే దూరం లేదు. రెండూ ఉమ్మడి నల్గొండవే. ఒకచోట బట్ట పుడుతుంది. ఇంకోచోట దుప్పట్లు, దిండు గలేబులు, ఆప్రాన్లు రోజూ కుప్పలుగా లాండ్రీకి పోతాయి. ఈ రెంటి నడుమ ఓ ఉద్యోగం ఉందన్న మాట మన డిగ్రీ కాలేజీల్లో పెద్దగా వినిపించదు. మైక్రోబయాలజీయో, కెమిస్ట్రీయో చదివి ‘ఇక బీఈడీ, లేకుంటే గ్రూప్స్‌’ అనుకుంటున్నవాళ్లు ఓసారి ఇటు చూడండి.

సూక్ష్మజీవులను అడ్డుకునే పూత వేసిన బట్టల సంగతి ఇది. దవాఖాన బట్టల మీద స్టెఫైలోకాకస్‌ వంటి బ్యాక్టీరియా రోజుల తరబడి బతకగలదు. అందుకే వెండి, రాగి, జింక్‌ ఆక్సైడ్‌, రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌ లాంటివాటిని బట్టకు పట్టిస్తారు. ఇదెక్కడో విదేశాల్లో జరిగే పని కాదు. హైదరాబాద్‌ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు సుమారు 20 నానోమీటర్ల రాగి ఆధారిత రేణువులను తయారుచేసి నూలు బట్టకు పూశారు. సీసీఎంబీలో పరీక్షిస్తే కరోనా వైరస్‌ మీద 99.9 శాతం పనిచేసింది. బెంగళూరు కంపెనీ రెసిల్‌ కెమికల్స్‌తో కలిసి చేసిన ఆ మాస్కు వివరాలు 2022 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి.

పూత వేసే పద్ధతి వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. బట్టను ద్రావణంలో ముంచి, రెండు రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, ఆపైన వేడి చేస్తారు. అమ్మ చీరకు గంజి పెట్టినట్టే. కానీ గంజి ఒక్క ఉతుకుతో పోతుంది. ఇది పోకూడదు. అలా పట్టి ఉంచేందుకు కలిపేదే బైండర్‌. పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్లు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టేది రంగు గట్టిగా పట్టడానికే. అది క్రిములను చంపే పూత కాదు గానీ, ఏదైనా నిలవాలంటే ముందు దారం సిద్ధం కావాలన్న ఎరుక మన నేతగాళ్లకు కొత్తేమీ కాదు.

99.9 వెనుక ఏముంది?

అసలు ఉద్యోగం ఇక్కడే మొదలవుతుంది. ప్యాకెట్‌ మీది ఆ అంకెను తేల్చేది ల్యాబ్‌లో కూర్చున్న మైక్రోబయాలజిస్టు. ఎక్కువగా వాడే పరీక్ష ఏఏటీసీసీ 100. పూత ఉన్న ముక్క మీద, లేని ముక్క మీద లెక్క తెలిసిన బ్యాక్టీరియాను వేస్తారు. 24 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచి, బతికినవాటిని ప్లేటు మీద పెంచి కాలనీలు లెక్కపెడతారు. లక్ష బ్యాక్టీరియాలో 99 శాతం చస్తే వెయ్యి మిగులుతాయి. 99.9 శాతం చస్తే వంద. కాగితం మీద ఒక శాతం కూడా తేడా లేదు, మిగిలినవి మాత్రం పదింతలు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ లెక్క వేళ్ల మీద ఉండాలి.

ఇంకో చిక్కుంది. పరీక్షకు 24 గంటలు. నర్సు ఆప్రాన్‌ ఒక మంచం నుంచి పక్క మంచానికి చేరేందుకు రెండు నిమిషాలు చాలు. అమెరికాలోని డ్యూక్‌ యూనివర్సిటీ దవాఖానలో 40 మంది ఐసీయూ నర్సులకు మామూలు యూనిఫాం ఒక షిఫ్టుకు, రెండు రకాల యాంటీమైక్రోబియల్‌ యూనిఫాంలు మరో రెండు షిఫ్టులకు ఇచ్చి చూశారు. 2017లో వెలువడిన ఫలితం ఏమిటంటే, బట్టలకు అంటిన బ్యాక్టీరియాలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా దవాఖాన లాండ్రీలో వేడినీళ్లు, బ్లీచ్‌. కొత్త బట్ట మీద వచ్చిన అంకె యాభై ఉతుకుల తర్వాత ఎంత? ఊడిన వెండి ఏ మురుగు కాలువలో కలిసింది? నన్నడిగితే పూత కనిపెట్టేవాళ్లకన్నా ఈ ప్రశ్నలు అడిగేవాళ్ల అవసరమే ఎక్కువ.

దారి ఎటు?

ఇంటర్‌ ఎంపీసీ వాళ్లయితే ఎప్‌సెట్‌ ద్వారా ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో బీటెక్‌ టెక్స్‌టైల్‌ టెక్నాలజీ చదవొచ్చు. ఆపైన ఎంటెక్‌కు గేట్‌లో టెక్స్‌టైల్‌ ఇంజినీరింగ్‌ పేపర్‌ ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ముంబయి ఐసీటీలో ఎంఎస్సీ టెక్స్‌టైల్‌ కెమిస్ట్రీ ఉంది. మైక్రోబయాలజీ వాళ్లు టెస్టింగ్‌ ల్యాబ్‌ల వైపు చూడాలి. కోయంబత్తూరులోని సిట్రా మెడికల్‌ టెక్స్‌టైల్స్‌కు పెద్ద కేంద్రం. 2020లో పీపీఈ కిట్లను పరీక్షించింది ఆ సంస్థే. ఏఆర్‌సీఐ ప్రాజెక్టు నియామకాల ప్రకటనలను దాని వెబ్‌సైట్‌లో గమనిస్తుండాలి.

కేంద్రం 2020లో 1,480 కోట్ల రూపాయలతో జాతీయ టెక్నికల్‌ టెక్స్‌టైల్స్‌ మిషన్‌ను ఆమోదించింది. 2023లో మెడికల్‌ టెక్స్‌టైల్స్‌ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులోకి దుప్పట్లు, దిండు గలేబులు కూడా వచ్చాయి. ప్రమాణం పెడితే పరీక్షించేవాళ్లూ కావాలి కదా.

నల్గొండ దాటకుండానే ఈ కొలువు దొరుకుతుందని మాత్రం చెప్పలేం. హైదరాబాదో, బెంగళూరో, కోయంబత్తూరో పోక తప్పదు. జీతం కూడా సాఫ్ట్‌వేర్‌ స్నేహితుడితో పోల్చుకునేలా మొదలవదు. మొదటి ఇంటర్వ్యూలో అడిగేది మీ మార్కుల కన్నా ప్లేట్‌ కౌంట్‌ సొంతంగా చేశారా లేదా అన్నదే కావచ్చు. ప్రాక్టికల్‌ రికార్డును సీనియర్‌ది చూసి నింపినవాళ్లకు కాలేజీ ల్యాబ్‌ తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి.