అయిదు నుండి ఆరుకు

అయిదవ తరగతి నుండి ఆరవ తరగతికి పోవుట లెక్కకు ఒక్క మెట్టే. పల్లెటూరి బిడ్డకు మాత్రము అది ఊరు మారినంత పని. ప్రాథమిక పాఠశాలలో తెలుగును, లెక్కలను చెప్పినది చాల చోట్ల ఒక్క అయ్యవారే. ఎవరు చదువుటకు తడబడుదురో, ఎవరు ఆకలితో వత్తురో ఆయన యెరుగును. ఉన్నత పాఠశాలలో గంట మ్రోగినప్పుడెల్ల ఉపాధ్యాయుడు మారును. బిడ్డను పూర్తిగా ఎరిగినవారు ఒక్కరును ఉండరు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వరకు చదువును హక్కు చేసినది. ప్రాథమిక తరగతులు 1 కిలోమీటరులోను, ఆరు మొదలు ఎనిమిది వరకు తరగతులు 3 కిలోమీటర్లలోను ఉండవలెనని కేంద్ర నియమావళి. దారి కొలత ఇట్లు కుదిరినను బెరుకు తీరదు. ఈ మలుపులోనే కొందరు, ముఖ్యముగా ఆడపిల్లలు, బడి మానుదురు.

టి.సి.లో పుట్టిన తేదీ యుండును, బిడ్డ స్వభావముండదు. కావున పాత అయ్యవారు ఒక్కొక్కరిని గూర్చి నాలుగు మాటలు వ్రాసి పంపవలెను. వేసవి సెలవులకు ముందే పిల్లలను ఒకపూట తీసికొనిపోయి క్రొత్త బడిలోని తరగతిగది, కుళాయి, మరుగుదొడ్డి చూపవలెను. జూన్ మాసమున క్రొత్త పాఠమునకు ముందు పాతది అడిగి, రానిచో దండింపక నేర్పవలెను.

తొలిదినమున పేరుపెట్టి పిలిచిన ఉపాధ్యాయుడు ఒక్కరున్నను, ఆ బిడ్డ మరునాడు తానై బడికి వచ్చును.