ఊరి రోగి, నగరం లెక్క

మెడ పక్కనో చంకలోనో బిళ్ళ కడితే సూర్యాపేట జిల్లా మునగాల మనిషి ముందు ఆర్‌ఎంపీకి చూపించుకుంటాడు. మాత్రలకు తగ్గకపోతే సూర్యాపేటకో కోదాడకో పోతాడు. అక్కడా తేలకపోతే హైవే ఎక్కాల్సిందే, పడమటికి హైదరాబాద్, తూర్పుకి విజయవాడ. హైదరాబాద్‌లో ముక్క పరీక్ష (బయాప్సీ) చేసి లింఫోమా, అంటే లింఫ్ కణాల కాన్సర్, అన్నారనుకుందాం. చికిత్సా అక్కడే జరిగింది. అయినా ఆ రోగి నివాసం అక్కడ కాదు కాబట్టి ఆ కేసు హైదరాబాద్ కాన్సర్ లెక్కలోకి రాదు.

దేశంలో కాన్సర్ కేసులను లెక్కించే రిజిస్ట్రీల కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1981లో మొదలుపెట్టింది. బెంగళూరు, చెన్నై, ముంబై ముందు చేరాయి. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రీని నిమ్స్ ఆస్పత్రి నడుపుతోంది. దాని 2014-16 లెక్కలు 2020 జాతీయ నివేదికలో వచ్చాయి. రిజిస్ట్రీ సిబ్బంది ఆస్పత్రులు, ల్యాబులు తిరిగి పేరు, వయసు, రోగ నిర్ధారణ తేదీ, చిరునామా రాసుకుంటారు. ఒకచోట బయాప్సీ, ఇంకోచోట కీమో చేయించుకున్నా మనిషి ఒక్కడే కాబట్టి ఒక్కసారే లెక్కించాలి. అన్నిటికన్నా చిక్కు చిరునామాతోనే. కనీసం ఏడాదిగా అక్కడ ఉంటున్నవారే స్థానికులు. కీమో కోసం అంబర్‌పేటలో మేనమామ ఇంట్లో ఆరు నెలలు ఉన్న రోగి ఆ ఇంటి నంబరే చెబితే, రాసేవాళ్లు ఇంకో ప్రశ్న వేయకపోతే, నగరంలో ఒక కేసు ఊరికే పెరుగుతుంది.

కేసులను జనాభాతో భాగించి రేటు కడతారు. ఆ భాగహారంలో కింద ఉండే జనాభా సంఖ్యా అంత గట్టిది కాదు. చేతిలో ఉన్న పూర్తి జనగణన 2011 నాటిది, తర్వాతివన్నీ అంచనాలే. పైగా లింఫోమాల్లో ఒక వర్గమైన నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా వయసుతోపాటు పెరిగే జబ్బు. ఆయుష్షు పెరిగిన నగరంలో కేసులూ పెరుగుతాయి, దానికి కొత్త కారణం వెతకక్కర్లేదు. అందుకే వయసుల తేడాను సరిచేసిన రేటునే పోల్చాలి. పత్రికల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది కేసుల మొత్తమే.

అంత సరిచేసినా ముంబైలో నాన్ హాడ్జ్‌కిన్ రేటు దశాబ్దాలుగా పెరిగింది. అమెరికాలో 1970ల నుంచి వేగంగా పెరిగి, తర్వాత నిలకడకు వచ్చింది. అక్కడి పెరుగుదలలో కొంత హెచ్‌ఐవీ వల్ల వచ్చిందే, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ ముప్పు ఎక్కువ. ఎప్‌స్టీన్ బార్ వైరస్, కడుపులో ఉండే హెలికోబాక్టర్ బాక్టీరియా కూడా కొన్ని రకాలకు కారణాలు. అయినా వీటితో మొత్తం పెరుగుదలకు జవాబు దొరకలేదు.

మన దగ్గర లెక్కను తికమక పెట్టేది ఇంకొకటుంది, టీబీ. టీబీ గడ్డకైనా లింఫోమాకైనా జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉండొచ్చు. ముక్క పరీక్ష లేకుండా టీబీ మందులు వాడుతూ నెలలు గడిపినవారు ఉన్నారు. యాంటీబాడీలతో కణాల రకం తేల్చే పరీక్షలు నగరాలకు వచ్చాక, ఒకప్పుడు తప్పిపోయిన కేసులు లెక్కకెక్కాయి. నా అంచనాలో నగరాల పెరుగుదలలో ఈ వాటా తక్కువేమీ కాదు.

సూది పరీక్షలో తేలనప్పుడు వీలైతే గడ్డ మొత్తం తీసి చూడాలి. ఏ రకమో తెలిస్తేనే మందు నిర్ణయమవుతుంది. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన బి కణాల లింఫోమాలకు వాడే మందు రిటుక్సిమాబ్‌కు తక్కువ ధరలో ప్రత్యామ్నాయాన్ని 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది. నొప్పి లేని బిళ్ళ మూడు నాలుగు వారాలైనా కరగకపోతే ముక్క పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. నొప్పి లేదు కదా అని ఊరుకునేవాళ్లే ఎక్కువ.