దీపావళికి వాకిట్లో మట్టికోట: ఈసారి సెంజి కడదామా?

దీపావళి దగ్గర పడితే షోలాపూర్‌లోని మన తెలుగు వాడల్లోనూ పిల్లలు మట్టి కోసం పరుగులు తీస్తారు. మరాఠీ ఇరుగుపొరుగును చూసి మనమూ అలవాటు చేసుకున్న పని ఇది. వాకిట్లో శివాజీ మహారాజు 'కిల్లా' కట్టడం.

ముందు రాళ్ళు, ఇటుకలు గుట్టగా పేర్చాలి. వాటిపై తడి గోనెసంచులు కప్పి, మెత్తగా కలిపిన ఎర్రమట్టి మెత్తాలి. గోనె వేయకపోతే మట్టికి పట్టు ఉండదు, ఆరగానే పగిలి జారిపోతుంది. తడి మీదే ఆవాలు చల్లి రోజూ నీళ్ళు చిలకరిస్తే నాలుగైదు రోజుల్లో కొండ పచ్చబడుతుంది. చెంబుతో పోస్తే గింజలన్నీ కిందికొచ్చేస్తాయి! అందుకే పండుగకు వారం ముందే మొదలుపెట్టాలి. ఆ తర్వాత మెట్లు, బురుజులు, పైన సింహాసనం మీద మహారాజు, దారి పొడవునా మావళే సైనికులు.

బజార్లో ప్లాస్టర్ కోటలు దొరుకుతున్నాయి. వాకిలి లేదని అవి కొనేస్తున్నాం. డాబాలో ఓ మూల చాలదా? కింద పట్టా పరిస్తే తూము పూడదు.

రాయగడ్, ప్రతాప్‌గడ్ అందరూ కడతారు. 2025లో యునెస్కో గుర్తించిన 12 మరాఠా కోటల్లో తమిళనాడులోని సెంజి ఒకటి. 1677లో శివాజీ దాన్ని బీజాపూర్ నుంచి గెలిచారు. బీజాపూర్ కంటే ముందు ఏలినవారు తెలుగు నాయకులే. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కట్టడమూ కష్టం కాదు. మూడు గుట్టలు పేర్చి, చుట్టూ ఒకే గోడ కలిపితే సరి.