ఈగ నాడులు – మన పురుగుమందులు

మగ్గిన అరటిగెల చుట్టును, కల్లు ముంతల పైనను ముసురు చిన్న యీగలను బందరు మొదలు దివిసీమ వరకు ఎరుగనివారుండరు. నువ్వుగింజంత యీ ప్రాణి యొకచోట వ్రాలినంతనే ముంగాళ్లను రుద్దుకొనును, కన్నులు తుడుచుకొనును, పిమ్మట వెనుక కాళ్లతో రెక్కలు దువ్వుకొనును. శాస్త్రజ్ఞులు దీనిని డ్రోసోఫిలా యందురు. మామిడికాయలో పురుగు పుట్టించు పండుఈగ వేరు, ఇది వేరు.

ఇంత చిన్న యీగతో పంచాయతీ సభ్యులకు పని యేమని తోచవచ్చును. గ్రామమున దోమలకు కొట్టించు మందును, రైతు చేనిపై చల్లు మందును చాలవరకు నాడులపైననే పనిచేయును. ఆ నాడుల తీరు మనకు తెలిపినవానిలో ఈ యీగ ముఖ్యమైనది.

మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఈ యీగ మెదడులో నున్నవి 1,39,255 మాత్రమే. 2024 అక్టోబరులో, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మాలా మూర్తి, సెబాస్టియన్ సుంగ్ గార్ల నాయకత్వమున పలువురు శాస్త్రజ్ఞులు ఒక ఆడయీగ మెదడునందలి కణములన్నిటికిని, వాని నడుమ గల ఐదు కోట్లకు పైబడిన కూడళ్లకును పటము ప్రకటించిరి. గ్రామ సర్వేపటమున ప్రతి కమతమును గట్లతో సహా చూపినట్లే యిదియు. మెదడునుండి సుమారు 1,300 కణములు మెడగుండ దిగి రొమ్ములోని నాడీరజ్జువును చేరును. మనకు వెన్నుపాము ఎట్టిదో ఈగకు అది యట్టిది. ఒక్క ముంగాలిని కదల్చుటకే అచ్చట సుమారు 70 కణములు నియమింపబడి యున్నవి.

ఈగ యొంటిపై నున్న ప్రతి రోమము మొదటను ఒక నాడి గలదు. దుమ్ము పడి రోమము వంగినచో ఆ వార్త రజ్జువునకు పోవును; అచ్చటినుండి కాలి కండరములకు ఆజ్ఞ వచ్చును. ఈ పనికి మెదడు తప్పనిసరి కూడ కాదు. తల తీసివేసిన ఈగ సైతము, రోమమును తాకినచో కాలు చాచి ఆ తావును గోకుకొనును!

అయితే ఒళ్లంతయు దుమ్ము పడినప్పుడు ఏది ముందు? 2014లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈగలపై దుమ్ము చల్లి చూచిరి. అవి మొదట కన్నులను, తలను, పిమ్మట పొట్టను, ఆపైన రెక్కలను శుభ్రపరచుకొనినవి. వేడి తగిలినప్పుడు పనిచేయునట్లు కొన్ని నాడులను మార్చి, రెండు భాగముల నాడులను ఒక్కసారి మేల్కొల్పినప్పుడును తల పనియే గెలిచెను. తల తుడుచుకొనుట సాగునంతసేపు, తక్కిన పనులను అది అణచి యుంచును. మన కాలువలక్రింద ఎగువ తూములు తెరచియున్నంతకాలము శివారు భూములకు నీరందదు గదా. ఎగువ అవసరము తీరినపిదపనే దిగువకు పారును. ఈగ యొడలిలోను వంతు ఇట్లే నడచును. మన శివారు రైతుకు పట్టినంత ఆలస్యము మాత్రము దానికి పట్టదు.

ఇక మందుల సంగతి. వేడి తగులగానే పక్షవాతము వచ్చినట్లు పడిపోయి, చల్లబడగానే లేచి తిరుగు ఈగలు 1971లో బయల్పడినవి. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఒబైద్ సిద్దిఖీ గారు, అమెరికా శాస్త్రజ్ఞుడు సీమోర్ బెంజర్‌తో కలసి, ఇట్టి ఈగల నాడులను పరీక్షించి 1976లో ఫలితములు ప్రకటించిరి. నాడీకణపు గోడలో సోడియమును లోనికి వదలు సన్నని తలుపులు గలవు. ఆ 1971నాటి ఈగల లోపము ఆ తలుపునందే యున్నదని తరువాత తేలినది. డి.డి.టి.యును, పైరిత్రాయిడ్ మందులును పట్టుకొనునది సరిగా ఆ తలుపునే; దానిని మూతపడనీయవు. అందుచేతనే మందు సోకిన ఈగ కాళ్లు వణకి వెల్లకిల పడును. తలుపు ఆకృతి కొంచెము మారి పుట్టిన ఈగలు, దోమలు ఆ మందుకు చావవు. వాని సంతతియే పెరుగును. ఏండ్ల తరబడి ఒకే మందు కొట్టించినచో దోమ తగ్గకుండుటకు ఇది యొక కారణము. ప్రతిసారియు మందు కల్తీ యనుట న్యాయము కాదు.

క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, మలాథియాన్ వంటి మందుల దారి వేరు. రెండు కణముల కూడలిలో వార్తను దాటించు ఎసిటైల్‌కోలిన్ అను రసాయనమును, పని తీరినవెంటనే విరిచివేయు పదార్థమొకటి గలదు. ఈ మందులు దానిని కట్టివేయును. వార్త ఆగక మ్రోగుచునే యుండును. ఈ పదార్థము ఈగకును గలదు, మనకును గలదు. కావున సుడిదోమకని వరిపైనను, తెల్లదోమకని మినుముపైనను ఇట్టి మందు కొట్టు కూలివాని చర్మముగుండ అది లోనికి పోయినచో, వాని నాడులును ఈగ నాడులవలెనే తల్లడిల్లును. చెమట, చొంగ కారుట, కంటిపాప సన్నగిల్లుట, కండరములు అదరుట గుర్తులు. వెంటనే బట్టలు విప్పించి, సబ్బునీటితో ఒళ్లు కడిగి, బందరు, గుడివాడ, అవనిగడ్డలలో దగ్గరనున్న ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. మందు సీసాపై చీటి చింపక వెంట తీసికొనిపోవలెను. ఈ జాతి మందులకు వైద్యులు అట్రోపిన్ సూదిమందు నిత్తురు. పైరిత్రాయిడ్‌కు చికిత్స వేరు. ఏది యైనదో ఆ చీటియే చెప్పును.