బల్ల మీద చలిపెట్టె రైలు

ఒక గది. గదిలో పెద్ద బల్ల. బల్ల మీద రైలు పట్టాలు. పట్టాల పక్కన స్టేషను, చెట్లు, గోదాము. స్విచ్చి వేస్తే చిన్న రైలు కదులుతుంది. ముందు ఇంజను. వెనక తెల్లని గూడ్సు పెట్టెలు. ఒక్కో పెట్టె జానెడు పొడవు ఉంటుంది.

"ఇది పిల్లల ఆట కదా!" అంటారా? కాదు. అమెరికాలో ఎంతోమంది పెద్దవాళ్ళకు ఇదొక సరదా. పగలంతా ఉద్యోగం చేసి వస్తారు. రాత్రి భోజనం చేసి, దీపం దగ్గర కూర్చుని ఈ పెట్టెలు తయారు చేస్తారు. వీటిని మోడల్ రైళ్ళు అంటారు. మోడల్ అంటే నమూనా.

బొమ్మకూ నమూనాకూ తేడా ఉంది. బొమ్మ రైలు చూడటానికి రైలులా ఉంటే చాలు. నమూనా అలా కాదు. అసలు పెట్టెకు మెట్టు ఎక్కడ ఉందో, నమూనాకూ అక్కడే ఉండాలి. తలుపు ఎంత ఉందో, కొలత ప్రకారం అంతే ఉండాలి. అందుకే నమూనా చేసేవాళ్ళు ముందు అసలు పెట్టెను బాగా చూస్తారు. "ఇది ఇక్కడ ఎందుకుంది?" అని అడుగుతారు.

మనమూ అలాగే అడుగుతూ ఒక పెట్టెను చూద్దాం.

87 లెక్క

చాలామంది వాడే కొలత ఒకటి ఉంది. అసలు రైలులో 87 అడుగులుంటే నమూనాలో ఒక్క అడుగు. అంటే ఏ కొలతనైనా 87తో భాగించాలి.

అమెరికా రైలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగించండి. పదహారున్నర మిల్లీమీటర్లు వస్తుంది. బల్ల మీద పట్టాల మధ్య దూరం సరిగ్గా అంతే ఉంటుంది.

ఐదున్నర అడుగుల మనిషిని 87తో భాగిస్తే? రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. మన బొటనవేలి గోరు కంటే కొంచెం పొడుగు, అంతే.

64 అడుగుల గూడ్సు పెట్టెను భాగిస్తే సుమారు 22 సెంటీమీటర్లు వస్తుంది. అదే మన జానెడు.

చూశారా! భాగహారం రాకపోతే ఈ సరదా ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు.

చలిపెట్టె అంటే ఏమిటి?

బల్ల మీద ఉన్న ఆ తెల్లని పెట్టెలు మామూలు గూడ్సు పెట్టెలు కావు. అసలు రైలులో ఇలాంటి పెట్టెల్లో పళ్ళు, కూరగాయలు, మాంసం, చేపలు వేస్తారు. లోపల ఫ్రిజ్‌లో లాగా చల్లగా ఉంటుంది. వీటిని మనం చలిపెట్టెలు అందాం.

అమెరికా చాలా పెద్ద దేశం. పళ్ళు, కూరగాయలు ఎక్కువగా పండేది పడమటి వైపు. పెద్ద పెద్ద పట్నాలు చాలావరకు ఉన్నది తూర్పు వైపు. మధ్యలో వేల కిలోమీటర్ల దూరం. కోసిన కూర అన్ని రోజులు ఎండలో పోతే ఏమవుతుంది? మనకు తెలిసిందే. కుళ్ళిపోతుంది. రైతు కష్టం మట్టిపాలవుతుంది. కొనేవాడికి తిండి దొరకదు.

కోసిన తరువాత కూడా పండు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. దాని లోపలి నుంచి వేడి పుడుతూనే ఉంటుంది. చల్లగా ఉంచితే ఆ ఊపిరి నెమ్మదిస్తుంది. పండు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

అయితే అన్నిటికీ ఒకే చలి పనికిరాదు. గడ్డకట్టించిన మాంసానికి సున్నాకు కింద 18 డిగ్రీల చలి కావాలి. ఆపిల్ పండుకు సున్నాకు కాస్త అటూ ఇటూ చాలు. అరటిపండును అంత చలిలో పెడితే తొక్క నల్లబడి పాడవుతుంది.

ఐసు పెట్టెల కాలం

మొదట్లో చలిపెట్టెలకు మిషన్లు లేవు. ఐసు గడ్డలే ఆధారం.

చికాగో పట్నంలో గస్టావస్ స్విఫ్ట్ అనే మాంసం వ్యాపారి ఉండేవాడు. ఆ రోజుల్లో బతికున్న పశువులను రైలులో తూర్పు పట్నాలకు పంపేవారు. దారిలో పశువులు చిక్కిపోయేవి. కొన్ని చచ్చిపోయేవి. పైగా పశువు బరువులో సగానికి పైగా తినడానికి పనికిరాదు. దానికీ రైలు కిరాయి కట్టాలి! మాంసం చేసి పంపితే మేలు కదా అని ఆయన ఆలోచించాడు. కానీ మాంసం చెడిపోకూడదు. 1880కి కొంచెం ముందు ఆండ్రూ చేజ్ అనే ఇంజనీరు చేత ఐసుతో పనిచేసే పెట్టె తయారు చేయించాడు.

పెద్ద రైలు కంపెనీలు ఒప్పుకోలేదు. పశువులను మోసే కిరాయి పోతుందని వాటి భయం. స్విఫ్ట్ సొంత డబ్బుతో పెట్టెలు కట్టించుకున్నాడు. వాటిని లాగడానికి ఒప్పుకున్న వేరే రైలు కంపెనీతో పని జరిపించుకున్నాడు.

తరువాత పళ్ళకూ ఈ పద్ధతి వచ్చింది. 1906లో రెండు రైలు కంపెనీలు కలిసి పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ అనే సంస్థను పెట్టాయి. ఆ సంస్థకు నారింజ రంగు పెట్టెలు వేలకొద్దీ ఉండేవి. పెట్టె రెండు చివర్లా ఐసు గదులు. పైకప్పు మీద మూతలు. దారిలో అక్కడక్కడ రైలు ఆగేది. కూలీలు ఎత్తయిన అరుగు మీద నిలబడి, మూతలు తెరిచి ఐసు గడ్డలు లోపలికి తోసేవారు. ఎక్కువ చలి కావాలంటే ఐసులో ఉప్పు కలిపేవారు. కుల్ఫీ చేసేవాళ్ళకు ఈ సంగతి తెలుసు.

కరిగిన ఉప్పునీళ్ళు కారి పట్టాలు తుప్పు పట్టేవి. కూలీల పని కూడా ప్రమాదమే. తడి కప్పు మీద కాలు జారితే కిందికి పడిపోవడమే. 1970ల మొదట్లో ఈ ఐసు పెట్టెల పని దాదాపు ఆగిపోయింది.

చదువు ఆగినా చదవడం ఆపని మనిషి

ఐసు స్థానంలో మిషను వచ్చింది. కుదుపుల్లో కూడా ఆగకుండా తిరిగే కూలింగ్ మిషను చేయడంలో ముఖ్యుడు ఫ్రెడరిక్ జోన్స్. ఆయన నల్లజాతి మనిషి. 1893లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రుల నీడ పోయింది. బడి చదువు మధ్యలోనే ఆగింది. మోటారు షెడ్డులో ఊడ్చే పనికి కుదిరాడు. అక్కడే చూసి చూసి మెకానిక్ అయ్యాడు. పుస్తకాలు తెచ్చుకుని తనంతట తాను చదువుకున్నాడు.

1938 ప్రాంతంలో లారీలకు పనికొచ్చే కూలింగ్ మిషను తయారు చేశాడు. తరువాత అలాంటి మిషన్లు రైలు పెట్టెలకూ ఓడలకూ వచ్చాయి. ఆయన 1961లో చనిపోయాడు. 1991లో అమెరికా ప్రభుత్వం ఆయన పేరు మీద జాతీయ టెక్నాలజీ పతకం ఇచ్చింది.

ఇప్పటి పెట్టెను చూద్దాం

మళ్ళీ మన బల్ల దగ్గరికి వద్దాం. ఇప్పటి చలిపెట్టె నమూనా చేయాలంటే ఏమేమి చూడాలి?

గోడలు: ఐసు గడ్డను రంపపు పొట్టులో కప్పి, గోనె చుట్టి ఉంచుతారు కదా. ఎందుకు? బయటి వేడి లోపలికి పోకుండా. చలిపెట్టె గోడల్లోనూ ఇదే కిటుకు. రెండు గోడల మధ్య మందంగా నురుగు లాంటి పదార్థం నింపుతారు. గోడ మందం అవుతుంది కాబట్టి సరుకు పట్టే చోటు కొంత తగ్గుతుంది.

రంగు: నల్లరంగు ఎండను పీలుస్తుంది. తెల్లరంగు ఎండను వెనక్కి కొడుతుంది. అందుకే కొత్త చలిపెట్టెలు చాలావరకు తెల్లగా ఉంటాయి.

తలుపు: సీసాకు బిరడా బిగించినట్టు ఈ తలుపు గోడలోకి బిగుసుకుంటుంది. తెరవాలంటే ముందు బయటికి లాగి, తరువాత పక్కకు తోయాలి. తలుపు మీద నిలువుగా ఇనుప కడ్డీలు ఉంటాయి. బిగించేది అవే. నమూనాలో వాటిని సన్నని తీగతో చేస్తారు.

మిషను: పెట్టె ఒక చివర జల్లెడ లాంటి కిటికీ కనిపిస్తుంది. దాని వెనక డీజిల్ ఇంజను, కూలింగ్ మిషను ఉంటాయి. డీజిల్ ట్యాంకు పెట్టె కింద ఉంటుంది. రైలు ఆగి ఉన్నా మిషను తిరుగుతూనే ఉండాలి. చలికాలంలో బయట మంచు కురిస్తే ఇదే మిషను లోపలికి వెచ్చని గాలి పంపుతుంది. లేకపోతే బంగాళాదుంపలు గడ్డకట్టి పాడవుతాయి. చలిపెట్టె వెచ్చదనం కూడా ఇస్తుందన్నమాట!

నేల: సరుకును నేరుగా గట్టి నేల మీద పెట్టరు. కింద గాలి ఆడే సందులు ఉంటాయి. చల్లగాలి సరుకు చుట్టూ తిరగాలి. తిరగకపోతే మధ్యలో ఉన్న గంపల్లో వేడి నిలిచిపోతుంది.

మిషను ఆగితే సరుకు మొత్తం పోతుంది. ఆ సంగతి రైలు చివరి స్టేషను చేరాక తెలిస్తే ఏం లాభం? అందుకే కొత్త పెట్టెల్లో చలి ఎంత ఉందో చూసే పరికరం పెట్టారు. పెట్టె ఎక్కడ ఉంది, లోపల ఎన్ని డిగ్రీలు ఉంది అనే కబురు ఆఫీసుకు దానంతట అదే చేరుతుంది.

గోడ మీది రాత

గూడ్సు పెట్టె గోడ మీద అక్షరాలు, అంకెలు రాసి ఉంటాయి. అవి అలంకారం కోసం కాదు. పెట్టె ఎవరిది, దాని నెంబరు ఎంత, ఖాళీ బరువు ఎంత, ఎంత సరుకు వేయవచ్చు, ఏ నెలలో ఏ సంవత్సరంలో కట్టారు, అన్నీ అక్కడే ఉంటాయి. పేరు అక్షరాల చివర 'ఎక్స్' ఉంటే ఆ పెట్టె రైలు కంపెనీది కాదు, వేరే వాళ్ళది అని అర్థం.

నమూనా మీద ఈ అక్షరాలు ఆవగింజంత ఉంటాయి. భూతద్దం పెట్టుకుని అంటిస్తారు. తప్పు రాస్తే తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

సంవత్సరం కూడా ముఖ్యమే. 1950 నాటి రైలు చేస్తే ఐసు మూతలు ఉండాలి. 2010 నాటి రైలు చేస్తే ఆ మూతలు ఉండకూడదు. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలూలా నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని రాటర్‌డామ్‌కు చలిపెట్టెల రైలు ఒకటి మొదలైంది. పడమటి పంటను సుమారు ఐదు రోజుల్లో తూర్పుకు చేర్చేది. ఆ రైలు 2020లో ఆగిపోయింది. దాన్ని బల్ల మీద నడపాలంటే ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోవాలి.

చివరి పనులు

పెట్టె తయారైంది. కానీ మరీ కొత్తగా మెరుస్తోంది. అసలు పెట్టె అలా ఉంటుందా? దుమ్ము పడుతుంది. చక్రాల పక్కన తుప్పు రంగు వస్తుంది. డీజిల్ పొగ మసి పడుతుంది. ఎక్కడ? మిషను ఉన్న చివరనే. మసిని రెండో చివర పూస్తే అది తప్పు. కారణం తెలిసినవాడే మసిని సరైన చోట పూయగలడు.

బరువు కూడా చూడాలి. మరీ తేలికైతే మలుపులో పట్టాలు తప్పుతుంది. అమెరికాలో 1935లో ఏర్పడిన మోడల్ రైళ్ళ వారి సంఘం దీనికి ఒక లెక్క పెట్టింది. ఆ లెక్క ప్రకారం జానెడు పెట్టె సుమారు 150 గ్రాములు తూగాలి. ప్లాస్టిక్ పెట్టె అంత బరువు ఉండదు. అందుకే లోపల ఇనుప రేకు ముక్కలు అంటిస్తారు.

మీరూ చేసి చూడండి

ఇందుకు ఖరీదైన సామాను అక్కర్లేదు. పాత అట్టపెట్టె, కత్తెర, జిగురు, స్కేలు చాలు.

ఒకే కొలతతో రెండు అట్టపెట్టెలు చేయండి. పొడవు 22 సెంటీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 10 పెట్టుకోండి. ఇది అసలు పెట్టె కొలత కాదు, ఐసు పట్టడానికి పెట్టుకున్న కొలత. ఒక పెట్టె లోపల నాలుగు వైపులా, అడుగున, మూత కింద మందంగా రంపపు పొట్టు గానీ ఊక గానీ గుడ్డలో కట్టి సర్దండి. రెండోదాన్ని ఖాళీగా ఉంచండి. ఒకే సైజు ఐసు ముక్కలు రెండు తీసుకుని, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఒక్కో పెట్టెలో ఒకటి పెట్టండి. మూతలు వేయండి. రెండిటినీ ఒకే చోట నీడన ఉంచండి.

అరగంటకొకసారి చూడండి. ఏ ముక్క ముందు కరిగింది? ఎంతసేపు తేడా వచ్చింది? కాగితం మీద టైము రాయండి. పెట్టె గోడ మీద మీ పేరు, నెంబరు, చేసిన తేదీ కూడా రాయండి. అసలు పెట్టె మీద అలాగే రాస్తారు కదా!

చెప్పండి చూద్దాం

1. పశువులకు బదులు మాంసం పంపాలని స్విఫ్ట్ ఎందుకు అనుకున్నాడు?
2. చలిపెట్టెకు తెల్లరంగు ఎందుకు వేస్తారు?
3. చలికాలంలో చలిపెట్టె మిషనుతో ఏం పని?
4. మీ ఇల్లు 26 అడుగుల పొడవు ఉందనుకోండి. ఒక అడుగుకు 12 అంగుళాలు. 87 లెక్కలో మీ ఇంటి నమూనా ఎన్ని అంగుళాలు వస్తుంది?